మూడు చుక్కల గొడ్డలి

నర్మెట్టలో కమ్మరి అండాలు నోట్లోంచి నిజం రావడం కన్నా ఆమె కొలిమిలోంచి చల్లగాలి రావడం తేలిక అంటారు. అలా అనేవాళ్లే వరి కోతలు దగ్గర పడగానే కొడవలి కోసం ఆమె గుమ్మం ముందు చెప్పులు విడుస్తారు. ఆమె మాటను నమ్మని ఊరు ఆమె ఇనుమును మాత్రం కళ్లు మూసుకొని నమ్ముతుంది.

వయసు అరవైకి రెండు తక్కువ. పెనిమిటి బతికున్నన్నాళ్లూ ఆయన సుత్తె పట్టేవాడు, ఈమె సమ్మెట కొట్టేది. ఆయన పోయి పదకొండేళ్లు. అప్పటినుంచి సుత్తె ఈమెదే. పదును పెట్టడం మాత్రం మొదటినుంచీ ఈమె పనే. లారీల కింద స్ప్రింగుల్లా ఉండే పాత కమాన్ పట్టీలు తెచ్చి, కాల్చి, సాగగొట్టి గొడ్డళ్లూ కొడవళ్లూ చేస్తుంది. పని పూర్తయ్యాక పిడి దగ్గర ఒక చిన్న ఉలి ఆనించి మూడు చుక్కలు కొడుతుంది. ఆ ఉలి ఆమె మామది. మూడు చుక్కలుంటే అది అండాలు చేసిన పనిముట్టని చుట్టుపక్కల తండాలకు కూడా తెలుసు.

మామ ఉలితో పాటు రెండు కట్టుబాట్లు కూడా ఇచ్చి పోయాడు. మొదటిది, ఒక దసరా నుంచి ఇంకో దసరాలోపల చుక్కలున్న పనిముట్లు మూడు విరిగితే ఆ ఉలిని కొలిమిలో పెట్టి సాగగొట్టి గడపకు మేకు చేయాలి. ఆ మేకును రోజూ దాటుకుంటూ పోవాలి. రెండోది, ఇనుముకు పదును పెట్టేటప్పుడు గుమ్మానికి గోనె పట్టా కట్టాలి. పరాయి కన్ను పడితే ఇనుముకు దిష్టి తగులుతుంది.

మొదటి కట్టుబాటంటే అండాలుకు భయం. రెండోదంటే నవ్వు. గోనె పట్టా వెనక ఆమె చేసేది ఏముంది గనక! ఇనుము రేగుపండు రంగుకు రాగానే తీసి అంచును నీళ్ల తొట్టిలో ముంచుతుంది. ఇటుక ముక్కతో రుద్ది, తెల్లగా మెరిశాక మళ్లీ నిప్పు పక్కన సన్నటి సెగకు పడుతుంది. మెరిసే చోట మొదట ఎండుగడ్డి రంగు పాకుతుంది, తర్వాత బెల్లం రంగు, తర్వాత వంకాయ రంగు. గొడ్డలికి వంకాయ రంగు దాకా ఆగి, మళ్లీ నీళ్లలో ముంచితే అయిపోయింది. ఇంతే సంగతి. కానీ బయట నిలబడ్డవాళ్లకు గోనె పట్టా తప్ప ఏమీ కనిపించదు. కనిపించని దాని మీద మనిషికి ఎక్కడలేని యావ. ఆ యావను తీర్చడం ధర్మమనుకొని అండాలు ముప్పై అయిదేళ్లుగా అడిగినవాళ్లకు అడిగినన్ని రహస్యాలు కల్పించి పెట్టింది.

అందరికన్నా ఎక్కువ రహస్యాలు తీసుకున్నవాడు రాజమల్లు. వరసకు మరిది. నర్సింహులపేట నుంచి వచ్చి జనగామ మార్కెట్ పక్కన షెడ్డు వేసుకున్న కమ్మరి. చెయ్యి మంచిదే కానీ, రోడ్డు పక్కన పందిట్లో అతను చేసిన గొడ్డళ్లు ఎందుకో నిలిచేవి కావు. వదినె మరిదితో సరసమాడితే తప్పుపట్టే ఊరు లేదు కదా! ఒక ఏడు “తొట్టిల మేకపాలు కలుపు మరిదీ” అంది. తొట్టిలో పాలు విరిగి, ఈగలు ముసిరి, గిరాకీలు ముక్కు మూసుకున్నారు. ఇంకో ఏడు “శనివారం కొట్టిన తుమ్మ బొగ్గే కాల్చాలె” అంది. చివరికి చెప్పింది అన్నింటికన్నా పెద్దది.

“ఎడమ కన్ను మూస్కొని ముంచాలె. రెండు కండ్లతోని చూస్తే ఇనుము బెదురుతది.”

రాజమల్లు తొమ్మిదేళ్లుగా ఎడమ కన్ను మూసుకొనే ముంచుతున్నాడు. జనగామలో అతన్ని ఒంటికన్ను రాజమల్లు అంటారు. ఆ మాట చెవిన పడ్డ ప్రతిసారీ అండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఇట్లా నడుస్తున్న కొలిమికి కోడలు వచ్చింది. పేరు వర్ష. మహబూబాబాద్ పిల్ల. మొగుడు నవీన్ భూపాలపల్లిలో బొగ్గు గనుల మిషన్లు బాగుచేసే వర్క్‌షాపులో పని చేస్తాడు. క్వార్టర్ దొరికేదాకా అత్త దగ్గర ఉండమని దింపి పోయాడు. రెండో వారానికే పిల్ల సమ్మెట అందుకుంది. వేటు ఎక్కడ పడాలంటే అక్కడ పడుతుంది. అండాలు ఆ సంగతి పైకి అనలేదు గానీ, ఆ పూట కోడలి పళ్లెంలో ఇంకో చెంచా నెయ్యి వేసింది.

ఆ వానాకాలం పాత కొలిమి గుడిసె మట్టిగోడ కూలింది. నవీన్ ఇనుప రేకులతో షెడ్డు వేయించాడు. వెలుతురు కోసం పైన రెండు చోట్ల అద్దంలాంటి ప్లాస్టిక్ రేకులు, లోపల రెండు ట్యూబులైట్లు. తిత్తి పోయి కరెంటు బ్లోయర్ వచ్చింది. మిగిలింది గోనె పట్టా.

“అత్తమ్మా, గిది ఎందుకు? వీడియో తీద్దమంటే అంత చీకటి,” అంది వర్ష.

“దిష్టి తగుల్తదని మీ తాత పెట్టిండు.”

“నీకు నమ్మకమేనా?”

ఎవరి నమ్మకాలనైనా ఆట పట్టించే అండాలు తన నమ్మకం మాట వచ్చేసరికి సిగ్గుపడింది. “నాకేం నమ్మకం? పాత ముచ్చట. తీసెయ్యి,” అంది. గోనె పట్టా నాలుగు మడతలు పడి కాళ్లు తుడుచుకునే చోటికి చేరింది.

వర్ష తీసిన వీడియోను నలభై వేల మంది చూశారు. అందులో ఒకడు రాజమల్లు. అతను ఆపి ఆపి, వెనక్కి జరిపి చూశాడట. తొట్టిలో ఉన్నవి ఉత్త నీళ్లు. వదినె రెండు కళ్లూ కోడిగుడ్లంత తెరిచే ఉన్నాయి.

సరిగ్గా ఆ నెలలోనే తిప్పలు మొదలయ్యాయి. మొదట భూదేవి అనే రైతమ్మ మొన విరిగిన కొత్త కొడవలి పట్టుకొచ్చింది. “నువ్వు గడ్డి కోసినవా, గట్టు కోసినవా?” అని నవ్వి, వేరేది చేతిలో పెట్టి పంపించింది అండాలు. రెండోసారి నవ్వు రాలేదు.

రెండోది కొత్త షెడ్డులో టీక్యాకు చేసిచ్చిన గొడ్డలి. టీక్యాది పక్క తండా. ఇరవై ఏళ్లుగా అండాలు కొలిమికి బొగ్గు అతనిదే, అతని గొడ్డలి అండాలుది. ఆ రోజు బొగ్గు బస్తా దించి, నడుముకు కట్టుకున్న తువ్వాలలోంచి రెండు ముక్కలు తీసి ఆమె ముందు పెట్టాడు. చుక్కలున్న ముక్క ఒకటి, అంచు ముక్క ఒకటి.

“ఎగిరి చెవు పక్కకెంచి పోయిందక్కా. జానెడు ఇటు వస్తే నా మొకమే.”

తిట్టలేదు, పైసలు అడగలేదు. అదే అండాలుకు ఎక్కువ తగిలింది. ముక్కను వెలుగులోకి తిప్పి విరిగిన చోటు చూసింది.

ఇనుములో కూడా గింజ ఉంటుంది. సరిగ్గా కాలిన ఇనుమును విరిస్తే లోపల జల్లెడ పట్టిన బూడిదలాగా, మెరుపు లేకుండా, సన్నగా ఉంటుంది. ఆ సన్నగింజలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఎక్కువ కాలిందా, గింజ ఉబ్బి లావెక్కి పక్కదాని చెయ్యి వదిలేస్తుంది. అప్పుడు నీళ్లలో ముంచితే పైకి గట్టిగానే కనిపిస్తుంది, వేటు పడితే పుటుక్కుమంటుంది. టీక్యా గొడ్డలి లోపల జొన్నరవ్వ పోసినట్టు, లావుగా, తళతళా మెరుస్తోంది.

‘ఎక్కువ కాలింది. నేనే కాల్చిన. కానీ నేను రేగుపండు రంగు చూసే తీసిన కదా!’

ఇక ఆమెకు నిద్ర లేదు. ఫోన్‌లో కొడుకుకు చెప్పుకుంది. “అమ్మా, మా దగ్గర భట్టీకి మీటరుంటది. ఇన్ని డిగ్రీలంటే ఇన్నే. గింజ పెరగకుండ చూస్తది,” అని నవీన్ మొదలుపెట్టాడు. కమ్మరి వీధిలో సూదులమ్మొద్దని కసిరి ఫోన్ పెట్టేసింది గానీ, పెట్టేసిన తర్వాత చాలాసేపు తన అరచెయ్యి కళ్ల ముందు పెట్టుకొని చూసుకుంది. ఆమె మీటరు ఆ రెండు కళ్లే. అవి పోతే కొలిమి ఎందుకు, చుక్కలెందుకు?

మర్నాడు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి జనగామలో కంటి దవాఖానకు పోయింది. డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమన్నాడు.

“సదువు రాదు సారూ. గోడ మీది బల్లికి తోక లేదు. మీ కోటు మూడో గుండీ నల్లదారంతోని కుట్టిండ్రు, మిగిలినయి తెల్లదారం.”

డాక్టరు తన గుండీ చూసుకొని, “పెద్దమ్మా, నీ కండ్లకేం రోగం లేదు,” అన్నాడు. ఆ మాటకు ఇంకెవరైనా సంతోషిస్తారు. అండాలు బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఏడుపు ఆపుకుంటూ వచ్చింది. కన్ను బాగుంటే చెడింది చెయ్యేనా? పనితనమే పోయిందా?

ఇంటికొచ్చేసరికి రాజమల్లు కుర్చీలో కాలు మీద కాలేసుకొని ఉన్నాడు. వర్ష ఇచ్చిన చాయ్ తాగుతున్నాడు.

“ఏం వదినె, యాడికి పోయినవ్? ఎడమ కన్ను తెరిపిచ్చుకోనీకా?”

“నీ కన్ను ముయ్యమంటే తొమ్మిదేండ్లు మూస్తివి. నోరు ముయ్యమంటే ఎన్నేండ్లు మూస్తవ్ మరిదీ?”

“నోరే తెరుస్త ఇయ్యాల. కొడవలి ఒకటి, గొడ్డలి ఒకటి. రెండాయె. దసరాకింక ఎనిమిది రోజులున్నది. మా పెద్దబాపు, నీ మామ పెట్టిన కట్టుబాటు నాకెరుకలేదనుకున్నవా?” రాజమల్లు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “టీక్యాకు కొత్త గొడ్డలి చేసిస్తనన్నవంట. సోమారం వస్త. మొద్దు నేనే తెస్త. అది విరిగితే ఆ చుక్కల ఉలి నా ముంగటనే మేకు కావాలె.”

“విరగకపోతే?”

“విరగకపోతే అసలు రహస్యం ఒక్కసారన్న నిజం చెప్పు. ముసలోన్నయితున్న వదినె. ఎన్ని తీర్ల నవ్వుతవ్ నన్ను చూసి?”

ఆ చివరి మాట నవ్వుతూనే అన్నాడు గానీ అండాలుకు ఎక్కడో గుచ్చుకుంది. ‘రా సోమారం’ అన్నట్టు తల ఊపింది.

శనివారం మధ్యాహ్నం నల్లటి మబ్బు పట్టి వాన దంచడం మొదలైంది. జల్లు కొట్టకుండా వర్ష గుమ్మానికి టార్పాలిన్ దించి, ట్యూబులైట్లు వేసింది. టీక్యా గొడ్డలి నిప్పుల్లో ఉంది. అండాలు రెప్ప వెయ్యకుండా చూస్తోంది. సరిగ్గా రేగుపండు రంగు. ఈసారి తప్పు జరగడానికి వీల్లేదు. పట్టకారుతో బయటికి తీసింది, తొట్టి వైపు తిరిగింది.

కరెంటు పోయింది.

చీకట్లో ఆమె చేతిలో ఉన్న ఇనుము రేగుపండు కాదు. పండిన నిమ్మకాయ. పచ్చగా, కళ్లు చెదిరేలా వెలుగుతోంది.

“వర్షా! గిదేంది?”

“ఇనుమే అత్తమ్మా!”

కరెంటు వచ్చింది. మళ్లీ రేగుపండు. మళ్లీ పోయింది. మళ్లీ నిమ్మకాయ. అర్థం కాలేదేమోనని మూడోసారి కూడా వచ్చి పోయింది. ఆ పూట నర్మెట్టలో కరెంటోళ్లను తిట్టని మనిషి అండాలు ఒక్కతే.

ఆమె గొడ్డలిని నీళ్లలో ముంచలేదు. పక్కన పెట్టి, అక్కడే నేల మీద కూర్చుంది. చీకట్లో ఇనుము తన అసలు రంగు చూపిస్తుంది. పట్టపగలు వెలుగులో అదే ఇనుము వెలవెలబోయి ఎర్రగా, అమాయకంగా కనిపిస్తుంది. ఇంకా కాలలేదనుకొని మనిషి ఇంకా కాలుస్తాడు. లోపల గింజ ఉబ్బుతూనే ఉంటుంది. ముప్పై అయిదేళ్లు ఆమె కళ్లను కాపాడింది మంత్రం కాదు, చేతివాటం కూడా కాదు. కాళ్లు తుడుచుకునే చోట పడేసిన గోనె పట్టా.

ముందు నవ్వొచ్చింది. ఊరందరికీ లేనిపోని రహస్యాలు అంటగట్టి నవ్వింది, అసలు రహస్యాన్ని తన చేత్తోనే గుమ్మానికి కట్టి, అది తనకే తెలియకుండా బతికింది. మేకపాలు పోసుకున్న రాజమల్లుకూ తనకూ తేడా ఏముంది? నవ్వుతుండగానే కళ్లల్లో నీళ్లొచ్చాయి. సిగ్గుతో కొన్ని, చెయ్యి పోలేదన్న సంబరంతో కొన్ని.

“మామా, దిష్టి అని చెప్పి నన్నెంత పని చేసినవ్!” అంది పైకి.

ఆ ముసలాయన తెలిసే అట్లా చెప్పాడో, ఆయనకూ ఎవరో అట్లాగే చెప్పారో, ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

ఆదివారం పొద్దున్నే వర్ష పైకెక్కి ప్లాస్టిక్ రేకుల మీద టార్పాలిన్ కప్పింది. గోనె పట్టాను ఉతికి, పిండి, తడి ఆరకముందే గుమ్మానికి కట్టారు. అండాలు ఆ గొడ్డలినీ, అదే పట్టీలోంచి మిగిలిన నాలుగు ముక్కలనూ ముందు వేసుకుంది. ముక్కలకూ గొడ్డలితో పాటే నిన్న బాగా సెగ తగిలింది.

“పాడైనయి గద అత్తమ్మా, పారేద్దమా?”

“పెరిగిన గింజను మళ్ల సన్నగ చెయ్యొచ్చు పిల్లా. కని ఒక్కసారికి వినది. మొండిది, నీ మొగని తీరు.”

ఒక ముక్కను విరిచి చూపించింది. జొన్నరవ్వ. మిగిలిన ముక్కలనూ గొడ్డలినీ చీకట్లో రేగుపండు రంగు దాకా కాల్చి, నీళ్లలో ముంచకుండా బూడిద పక్కన గాలికి వదిలేసింది. నల్లబడ్డాక ఒక ముక్కను ముంచి విరిస్తే రవ్వ కాస్త తగ్గింది. రెండోసారి కాల్చి ఆరబెట్టి, ఇంకో ముక్కను విరిస్తే పిండిలో అక్కడక్కడా పలుకులు. మూడోసారికి చివరి ముక్క విరగనని మొరాయించింది. వర్ష నాలుగు వేట్లు వేస్తే గానీ లొంగలేదు. లోపల జల్లెడ పట్టిన బూడిద.

అప్పుడు గొడ్డలికి పదును పెట్టారు. రేగుపండు దగ్గర ముంచడం, ఇటుకతో రుద్దడం, సెగకు పట్టడం, ఎండుగడ్డి, బెల్లం, వంకాయ. ఈసారి ఏ రంగు దగ్గర ఆపాలో అండాలు చెప్పలేదు. “ఆగు” అని వర్షే అంది. సరిగ్గా ఆగాల్సిన చోటే అంది.

సోమవారం రాజమల్లు ఆటోలో మొద్దు తెచ్చాడు. ఏ అడవిలో వెతికాడో గానీ, ఎండిపోయిన చండ్ర మొద్దు, నడుమ పిడికిలంత ముడి. టీక్యా ముందుకొచ్చి గొడ్డలి అందుకొని అందర్నీ పది అడుగులు వెనక్కి జరగమన్నాడు. తన చెవిని ఒకసారి తడుముకున్నాడు. మొదటి వేటుకు అండాలు కళ్లు మూసుకుంది, ఎడమది కూడా.

పది వేట్లు. ఇరవై. రాజమల్లు “ముడి మీద కొట్టు, ముడి మీద!” అని అరుస్తూనే ఉన్నాడు. టీక్యా ముడి మీదే కొట్టాడు. నలభై ఒకటో వేటుకు చండ్ర మొద్దు నోరు తెరిచి రెండు చెక్కలైంది. టీక్యా అంచు మీద బొటనవేలు ఆడించి, “అక్కా, గిప్పుడు గడ్డం గీస్కోవచ్చు,” అన్నాడు.

రాజమల్లు గొడ్డలి తీసుకొని ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. చివరికి ఆమె ముందే చతికిలబడ్డాడు.

“సరే వదినె. ఓడిన. ఇగ చెప్పు.”

అండాలు అతన్ని చూసింది. తలంతా నెరిసింది. తొమ్మిదేళ్లుగా మూసీ మూసీ ఎడమ కన్ను చుట్టూ ముడతలు పడ్డాయి. ఆమెకు జాలి కలిగింది. జీవితంలో మొదటిసారి పని సంగతిలో అతనికి ఉన్నదున్నట్టు చెప్పింది.

“గోనె పట్టా మరిదీ. అంతే. నీ షెడ్డుకు గోనె పట్టా కట్టి చీకటి చెయ్యి. చీకట్ల ఇనుము రంగు నిజం చెప్తది. ఇంకేం లేదు.”

రాజమల్లు లేచి పంచె దులుపుకున్నాడు.

“గోనె పట్టా! మేకపాలు అయిపాయె, శనివారం బొగ్గు అయిపాయె, ఇగ గోనె పట్టా! నిన్ను నమ్మెటోడు మల్ల పుట్టాలె వదినె.”

“ఒట్టు మరిదీ! నిజం!”

“పోయినసారి గూడ ఒట్టే పెట్టినవ్.”

పెట్టింది. ఇనుము విరిగిన రోజు కన్నా ఎక్కువ బాధేసింది ఆమెకు. చేతికొచ్చిన ఒక్క నిజాన్ని ఇద్దామంటే తీసుకునేవాడు లేడు. రేపు అతను చేసిన గొడ్డలి విరిగి ఎవరి మొహానికి తగిలినా, ఆ పాపం తన అబద్ధాలదే.

రాజమల్లు వర్ష వైపు తిరిగాడు. “నువ్వు చదువుకున్న పిల్లవు. నువ్వన్న చెప్పు బిడ్డా. అసలు సంగతేంది?”

వర్ష అత్త మొహం చూసింది. గుమ్మానికున్న గోనె పట్టా చూసింది. ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు అటూ ఇటూ చూసి, అతన్ని పక్కకు జరిపి, అత్తకు వినిపించేంతగానే గొంతు తగ్గించింది.

“అత్తమ్మకు చెప్పకు మామా. ఎడమ కన్ను కాదు, కుడి కన్ను ముయ్యాలె.”

“గదీ! నాకు తెలుసు!”

“ఆగు మామా. ముచ్చట పూర్తిగా ఇను. కుడి కన్ను మూసేది నరమానవుడు చూడొద్దు. చూస్తే పదునంత పాయె. షెడ్డుకు నాలుగు దిక్కుల గోనె పట్టాలు కట్టాలె. సూది మొన సందు ఉండొద్దు. ఒక్క రవ్వ ఎండ లోపలికి రావొద్దు. లోపల రేగుపండు రంగు రాంగనే ఒంటికన్నుతోని చూసి ముంచాలె.”

“ఎన్ని పట్టాలు?”

“పదకొండు. సరిపోకపోతే ఇరవై ఒకటి. బేసి ఉండాలె.”

రాజమల్లు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ ఆటో ఎక్కాడు. మార్కెట్‌లో గోనెలమ్మే దుకాణం ఎన్నింటికి మూస్తారో ఆటో అతన్ని అడగడం ఇక్కడిదాకా వినిపించింది.

అండాలు కోడలి వైపు చూస్తూ నిలబడింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని విన్నది గానీ, ఆ మనిషి తన ఇంట్లోనే అన్నం తింటోందని ఇప్పుడే తెలిసింది. మామ తన చేత చీకట్లో పని చేయించింది కూడా సరిగ్గా ఇట్లాగే. ‘చీకటైతే రంగు తెలుస్తది’ అని చెప్పి ఉంటే, ఇరవై మూడేళ్ల అండాలు విని ఉండేదా? ‘నాకు ఎలుగుల గూడ కనబడ్తది’ అని ఎదురు చెప్పి ఉండేది.

దసరా దాటిన తర్వాత టీక్యా జనగామ పోయొచ్చి కబురు చెప్పాడు. రాజమల్లు షెడ్డు కోడిగూడులా చుట్టూ గోనెలతో చీకటైపోయిందట. గొడ్డళ్లు ఒక్కటీ విరగడం లేదట. కుడి కన్ను మూసుకొని మూసుకొని ఇప్పుడు ఎడమ కంటితోనే నడుస్తున్నాడట.

కానీ అది తర్వాత సంగతి. ఆ సోమవారం టీక్యా తన గొడ్డలి భుజాన వేసుకొని బయల్దేరబోతే అండాలు ఆపింది. దాని మీద ఇంకా చుక్కలు పడలేదు. లోపలికి పోయి, గుడ్డలో చుట్టి ఉన్న ఉలి తెచ్చి వర్ష చేతిలో పెట్టింది.

“నేనా అత్తమ్మా?”

“నువ్వే. చెయ్యి వణకొద్దు.”

వర్ష గొడ్డలిని దాగలి దిమ్మ మీద పెట్టి, ఉలి ఆనించి, మూడు దెబ్బలు కొట్టింది. చుక్కలు వరసగా, సమానంగా పడ్డాయి.